తువ్వాల వేసిన కుర్చీ

3 ఫిబ్రవరి 1987, మంగళవారం

అందరూ బాగున్నారా? కొడుకు పర్శరాములుకు కడుపులో మంట తగ్గిందా? తగ్గలేదు. ములుగులో తల్లిగారింట్లో ఉన్న కోడలు అనసూర్యకు జలుబు పోయిందా? తెలియదు. మనవరాలు అరుణ అన్నం సరిగ్గా తింటోందా? అదీ తెలియదు. నా మోకాళ్లు? ఉన్నాయి.

రాత్రి బడి పంతులమ్మ రోజూ ఏదో ఒకటి రాయమంది. క్షేమం అడగకుండా మొదలుపెట్టడం నాకు రాదు.

అనసూర్య అరుణను తీసుకుని దీపావళికి పోయింది, ఇంకా రాలేదు. పర్శ తాగుడు మానేదాకా కొత్తవాడలో మా గడప తొక్కనని కబురు పంపింది.

4 ఫిబ్రవరి

పర్శ జంపఖానా మీద నెమలికి మూడు కాళ్లు నేశాడు. సేటు "గిది నెమలా, స్టూలా?" అని వాపసు పంపాడు.

తాగుడు మాన్పే గోలీల కోసం దవాఖానకు నేనే వెళ్లాను. "దీనికి గోలీలు లేవవ్వా. కాజీపేటల గురువారం గురువారం మీటింగ్ అయితది, తాగి మానినోళ్లంత కూసుంటరు, నీ కొడుకును తోలుకపో" అంది డాక్టరమ్మ. పర్శను అడిగితే "నాకేమన్న పిచ్చి లేసిందా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈలోపల అక్కడ జాగలు నిండిపోతే ఎట్లా? అదే ఫికర్.

5 ఫిబ్రవరి, గురువారం

నేనే వెళ్లాను. రేషన్ షాపు లైన్లో మనిషి లేకుంటే సంచి పెడతాం. సంచి ఉన్నంతసేపు ఆ జాగా ఎవరూ గుంజుకోరు. అట్లాగే పర్శ తువ్వాల తీసుకెళ్లి ఒక కుర్చీ మీద వేసి, పక్క కుర్చీలో కూర్చున్నాను.

కాజీపేటలో ఒక బడి వెనక గది. అందరూ మగవాళ్లే. టీ బాగుంది. డోర్నకల్‌లో రైల్వేలో పని చేసి రిటైరైన నర్సింగం సారు వాళ్లకు పెద్ద. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, నేను తాగుబోతును అంటున్నారు. మిగతావాళ్లు చప్పట్లు! తాగుబోతుకు చప్పట్లు కొట్టడం నా జన్మలో చూడలేదు.

నా వంతు వచ్చింది. కొడుకు పేరు చెప్పబోతే నర్సింగం సారు "ఒకరి ముచ్చట ఒకరు చెప్పుడు ఈడ లేదవ్వా, నీ ముచ్చట నువ్వే చెప్పు" అన్నాడు. భయమేసింది. తాగనంటే బయటికి పంపుతారు, కుర్చీ పోతుంది. "నా పేరు రాజవ్వ. కల్లు తాగిన" అన్నాను. అబద్ధమైతే కాదు. బోనాలకు తాగాను, పెళ్లిళ్లకు తాగాను, పర్శ పుట్టినప్పుడు పాలు పడాలని మా అత్త తాగించింది. చప్పట్లు కొట్టారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇకనుంచి తాగనని చెప్పమన్నారు. చెప్పాను.

6 ఫిబ్రవరి

తాగలేదు.

12 ఫిబ్రవరి, గురువారం

నర్సింగం సారు చాలా సంతోషపడ్డాడు. చేతులు వణుకుతున్నాయా అని అడిగాడు. వణుకుతాయి, ముసలిదాన్ని. "ఓపిక పట్టు చెల్లె, తగ్గుతది" అన్నాడు. తువ్వాల ఎవరిదని ఒకాయన అడిగితే, వెనక వస్తున్నాడు అన్నాను.

15 ఫిబ్రవరి, ఆదివారం

పక్కింటి సోమక్క మనవరాలి నిశ్చయం. రెండువైపుల పెద్దలూ కల్లు తాగితేనే మా వాళ్లలో సంబంధం ఖాయమైనట్టు. దొప్పలో పోసి నా చేతికిచ్చారు. మీటింగ్‌లో అన్న మాట గుర్తొచ్చింది. వద్దన్నాను. అందరూ దొప్పలు కింద పెట్టారు. "మా సంబంధం మీకు నచ్చలేదా?" అన్నాడు పిల్లవాడి తండ్రి. సోమక్క ఏడుపు అందుకుంది. పెళ్లి చెడగొట్టిన పాపం నాకెందుకని కాజీపేట సంగతి చెప్పేశాను.

సోమక్క నా చెవిలో "ఎన్నేండ్ల సంది తాగుతానవే? ఒక్కనాడు గూడ వాసన రాకపాయె!" అంది. అప్పటికే నిండా తాగి ఉన్న పర్శ "మా అవ్వను తాగుబోతన్నదెవడు?" అని లేచి, బట్టల దండెం మీద పడ్డాడు.

17 ఫిబ్రవరి

నల్లా దగ్గర ఆడవాళ్లు నాకు నిమ్మకాయలు ఇస్తున్నారు. మానినప్పుడు వాంతులు వస్తాయట. పర్శ నాతో మాట్లాడడం లేదు.

19 ఫిబ్రవరి, గురువారం

నేను కూర్చున్నానో లేదో పర్శ గదిలోకి వచ్చాడు. "లే అవ్వా, ఇజ్జత్ తీస్తానవ్" అన్నాడు. నర్సింగం సారు టీ గ్లాసు చేతికిచ్చి కూర్చోమన్నాడు. ఖాళీ కుర్చీ ఒక్కటే ఉంది. దాని మీద తన తువ్వాల చూసి, నన్ను చూసి, కూర్చున్నాడు.

నేను లేచి, నా పేరు రాజవ్వ, తాగుబోతును, ఇంకా ముట్టలేదు అన్నాను. చప్పట్లు.

"ఊకోండ్రి" అన్నాడు పర్శ. "మా అవ్వ తాగది. తాగేది నేను."

నర్సింగం సారు "ఒకరి ముచ్చట ఒకరు చెప్పుడు ఈడ లేదు తమ్మీ. నీ పేరు చెప్పు" అన్నాడు.

పర్శ టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. పేరు చెప్పాడు. రెండో మాటా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చేతులు రాలేదు.

20 ఫిబ్రవరి

పర్శ తాగలేదు. ఒకటే వాంతులు. నిమ్మకాయలు పనికొచ్చాయి.

5 మార్చి, గురువారం

పర్శ ఇంకా తాగలేదు. ఇక నిజం చెప్పేద్దామని నర్సింగం సారును పక్కకు పిలిచి, నేను తాగుబోతును కాదన్నాను. "మొదట్ల అందరం గట్లనే అన్నం చెల్లె" అని ఇంకో టీ తెప్పించాడు.

8 మార్చి, ఆదివారం

కోడలిని పిలవడానికి పర్శ ములుగు బస్సెక్కాడు. దారిలో కల్లు దుకాణాలున్నాయి. బస్సు అక్కడే చెడిపోతే?

9 మార్చి, సోమవారం

తాగకుండానే వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. వణకని నీ చేతులు చూస్తేనే మానినవని తెలుస్తాందని అనసూర్య అన్నదట. "గని అత్త తాగుతాందట గదా, సోమక్క కబురు పంపింది. అసొంటి ఇంట్లకు పిల్లను ఎట్ల తేవాలె?" అన్నదట.

ముందు తనొక్కతే వస్తుందట. పదిహేనో తారీకు, ఆదివారం పొద్దుటి బస్సుకు. నా నోరు వాసన చూడటానికి.