పాఠంలో నా గొంతు లేదు

చోడవరం, మంగళవారం

సాయంత్రం రోలుగుంట నుంచి పైడితల్లి ఫోన్ చేసింది. కళ్లు కనిపించని ఆ పిల్లకి మా వెబ్‌సైట్‌లో నేను చెప్పే పాఠాలు వినడమే చదువు.

"మేడమ్, మీరు మానేసేరేటి? పాఠాలు ఎవరో మిషన్‌లాగ సదివేస్తన్నారు. నాకేటీ తెలట్లేదు."

తెరిచి చూశాను. ఫ్యాక్టరీకెళ్లే చెరుకు బళ్లతో, మా ఊరి మాటల్లో నేను చెప్పిన లెక్కలు ఒక్కటీ లేవు. అన్నింటికీ కంప్యూటర్ గొంతు. సైటు పని చూసేది నా స్నేహితురాలు సరళే కాబట్టి వెంటనే తనకి ఫోన్ చేశాను.

"రేపు మన సైటు సూడ్డానికి ఆఫీసర్లొస్తన్నారు కదే. మన యాస ఇని నవ్వుతారని మార్చేసేను. బాధపడతావని నీకు సెప్పలేదు."

ఆ పాఠాలు రికార్డు చేసింది తనే. శబ్దం రాకూడదని ఫ్యాన్ ఆపేసి, చెమటలు తుడుచుకుంటూ, "ఇలాగే సెప్పవే, పిల్లలకి ఇంట్లో మాటలాగుంటాది" అన్నదీ తనే. అప్పుడూ లోపల సిగ్గుపడుతూనే ఉందా? నేనే పిచ్చిదానిలా మురిసిపోయానా?

పైడితల్లి సంగతి చెప్పాను. తర్వాత చూద్దామంది. ఫోన్ పెట్టేసే ముందు మళ్లీ తనే అంది: "రేపు ఆళ్ల ముందు నువ్వేటీ మాటాడకే, నాను సూసుకుంటాను."

ఆ మాట కూడా మా యాసలోనే చెప్పింది.