ఆగస్టు పేజీలో షెకీనా

మ్యూజియం ఆఫీసరు గారికి ఏటికొప్పాక బొమ్మల పనివాడు పట్టరాని సంతోషంతో రాసుకున్నది.

మీ 2007 ప్రదర్శనల పుస్తకం అందిందండి. మా అమ్మాయి షెకీనా చేసిన లక్క బొమ్మలు పెడుతున్నారని వీధంతా చదివి వినిపించాను! ఆగస్టులో అది స్వయంగా వచ్చి పిల్లలకు బొమ్మ చేసి చూపిస్తుందని కూడా వేశారు. తప్పు నాదేనండి. బొమ్మలు పంపినప్పుడు, పోయిన క్రిస్మస్‌కే దాన్ని ప్రభువు పిలుచుకున్నాడని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

"అది వత్తాదని అచ్చేసేరు కదేటి, రాకుండా ఎలాగుంటాది?" అంటూ వాళ్లమ్మ రోజూ దాని చీర ఇస్త్రీ చేస్తోంది. నిన్న, ఆపేసి ఉన్న దాని లేతు మిషను దగ్గర వేడి లక్క వాసన వస్తోందని పిలిస్తే, నేనూ పరుగెత్తాను.

ఆగస్టులో నేనొచ్చి చేసి చూపిస్తాను. దాని పేరు మాత్రం కొట్టేయకండి బాబూ. అప్పటిదాకా మా ఇంట్లో అది రావలసిన మనిషే.

ఇట్లు,
షెకీనా తండ్రి