మూర్తి దగ్గరున్న ఏడో డిస్కు

గురుగ్రామ్, మంగళవారం.

నా హార్డ్‌డిస్కులన్నిటినీ కేటలాగు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి రెండేళ్లయింది. ఏదీ తగిలించకుండానే ఏ ఫైలు ఎందులో ఉందో చెప్పేస్తుంది. నా కళ్లజోడు జాడ మాత్రం దానికీ తెలియదు. ఇవాళ ఆఫీసు పిక్నిక్ ఫొటోలు వెతికితే ఏడో డిస్కు అంది. "ఎవరికిచ్చారు" అన్న గడిలో, సాకేత్‌లో ఉండే మా పాత ఆఫీసు మూర్తి పేరుంది. ఫోన్ చేశాను.

"అచ్ఛా, అది నీదా? రేపే కొరియర్ చేసేస్తాలేరా!"

"నువ్వే పట్టుకురావచ్చుగా."

"మెట్రో మెట్లకి నా మోకాళ్లు ఒప్పుకోవురా బాబూ."

ఈ వారంలో డెలివరీ భయ్యా కాక నాతో మాట్లాడింది వాడొక్కడే. డిస్కు వచ్చేస్తే మళ్లీ ఏమని ఫోన్ చేయను?

"తొందరేం లేదు, ఉంచుకో. ఆదివారం నేనే వస్తా," అన్నాను.

పెట్టేశాక కేటలాగు తెరిచి, ఇంకా బీరువాలోనే ఉన్న ఎనిమిదో డిస్కును కూడా మూర్తికి ఇచ్చినట్టు రాసిపెట్టాను.