రెండు వరసలు కిందికి

1254 ఫిబ్రవరి 3
బిషప్ వారిన్ ఇక లేవరని వైద్యుడు తేల్చేశాడు. హెలింగ్‌ఫర్డ్ రేవు గుడిసెల్లో జ్వరమొచ్చినవాళ్ళకి తన చేత్తో గంజి పోసి, తనూ అంటించుకున్నారు. ఆయన కింద గుడి వ్యవహారాలు చూసే డీన్ రోజర్‌కి అప్పుడే తొందర. 'ఆస్బెర్ట్, ఇరవై రెండేళ్ళు ఆయన పక్కనే ఉన్నావు. జీవితచరిత్ర నువ్వే రాయాలి. అభిషేకం నాటి వాక్యంతో మొదలుపెట్టు' అన్నాడు. సరేనన్నాను.

ఫిబ్రవరి 4
బిషప్‌గా అభిషేకం జరిగిన రోజు ఆయన మోకాళ్ళ మీద వంగి ఉన్నారు. వీపు మీద సువార్త పుస్తకం పెట్టి తెరుస్తారు. ఏ వాక్యం వస్తే అదే ఆ బిషప్ జాతకం. చదవాల్సింది నేను. 'దొంగ దొంగిలించడానికీ చంపడానికీ తప్ప రాడు' అని వచ్చింది. గుడి నిండా జనం. నాకు నోరు రాలేదు. రెండు వరసలు కిందికి జారి, 'మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణం పెడతాడు' అని చదివేశాను. ముసలమ్మలు ఏడ్చారు.

ఫిబ్రవరి 6
ఆ మాట పట్టుకునే బతికారాయన. కరువులో వెండి గిన్నెలమ్మి బార్లీ పంచారు. పన్నుల గురించి రాజుతో తగవుపడి మూడేళ్ళు ఫ్రాన్సులో తలదాచుకున్నారు. అంతా నిజమే.
ఇళ్ళలో తిరగళ్ళు లాక్కుని, అందరూ బిషప్ మిల్లులోనే పిండి ఆడించాలన్నదీ ఆయనే. తిరగలి ఇవ్వనన్న విధవరాలు ఎడిత్‌ని వెలివేశారు. ఇదేమిటంటే, 'కాపరన్నాక కర్ర ఎత్తకుండా కుదురుతుందా?' అన్నారు. ఆమె ఆ చలికాలం దాటలేదు. అప్పట్నుంచీ నేను చదవని వాక్యం నాకు వినబడుతూనే ఉంది, నా గొంతుతోనే.

ఫిబ్రవరి 7
చెప్పేస్తాను.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం
చెప్పేశాను. నా బరువు దించుకుని, చావబోయే మనిషి గుండె మీద పెట్టాను. ఇంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదు.
ముందు నవ్వారు. 'గట్టివాడివే! ఇప్పుడు అసలుది చదువు' అన్నారు. చదివాను. ఎడిత్ తిరగలి ఏమైందని అడిగారు. ఆ రాయి మన వసారా నేలలో పరిచాం కదా, రోజూ తొక్కుతూనే ఉన్నామన్నాను. గోడ వైపు తిరిగిపోయారు. 'అందరు బిషప్పుల్లా నా చేతిలో కాపరి కర్ర పెట్టి పూడ్చకు. మాటియ్యి' అన్నారు. ఇచ్చాను.

ఫిబ్రవరి 10
పోయారు. గోడ వైపు నుంచి మళ్ళీ ఇటు తిరగలేదు.

ఫిబ్రవరి 12
శవాన్ని తాకి ఒక కుంటివాడు నడిచాడట. వీధి చివరిదాకా జనం. కర్ర వద్దన్నారని డీన్‌కి చెప్పాను. 'నీకేమైనా మతిపోయిందా? రేపో మాపో సెయింట్ కాబోయే మనిషి! ఎందుకొద్దన్నారో చెప్పు చూద్దాం' అన్నాడు. అది చెప్పాలంటే అభిషేకంనాడు నేను వాక్యం మార్చి చదివిన సంగతి చెప్పాలి. నోరు మూసుకున్నాను.

ఫిబ్రవరి 13
కర్ర నేనే పెట్టాను. వేళ్ళు పట్టుకోలేదు. దారంతో కట్టాను.