మైకు ముందు నేనన్న మాట

మార్చి 4

మెసేజ్ వచ్చింది. లాటరీలో మా అమ్మాయి ఇత్సెల్‌కు సీటు తగిలింది. హైవే అవతల, సర్కారు డబ్బుతో బయటివాళ్లు నడిపే చార్టర్ స్కూలు, ఆగస్టు నుంచి నాలుగో తరగతి. షాపులో టోర్టిల్లా రొట్టెల మెషీన్ పక్కన నిలబడే ఏడ్చేశాను. ఏమైందని తోటి పనివాళ్లు అడిగితే ఉల్లిపాయల ఘాటు అన్నాను. మా షాపులో ఉల్లిపాయలే ఉండవు.

మార్చి 5

ఎందుకు అప్లై చేశానో ఇక్కడైనా రాసుకోవాలి. మూడో తరగతి మధ్యలో టీచరమ్మ మానేసింది. అప్పటినుంచి ఎవరో ఒకరు వచ్చి వీడియోలు పెట్టి పోతున్నారు. ఇత్సెల్ బొమ్మలు చూసి కథ అల్లేస్తుంది, అచ్చం చదువుతున్నట్టే. మొన్న బొమ్మలు లేని పేజీ తీశాను. నోరు పెగల్లేదు.

ఎలోయిసాకు చెప్పలేదు. ఎదురిల్లే. ఇత్సెల్‌కు జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది, అందుకే ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాం. పిల్లలు తగ్గిపోయారని మా బడిని బోర్డువాళ్లు మూసేస్తారట. వద్దని వీధి వీధీ తిరుగుతోంది. ఒక్క పిల్ల కూడా కదలకూడదే కొమాద్రే, కదిలితే వాళ్లదే పైచేయి అంటుంది. నేను తలూపుతాను.

మార్చి 19

రేపు చెబుతాను.

ఏప్రిల్ 2

చెప్పలేదు.

ఏప్రిల్ 9

బడి జిమ్‌లో బోర్డువాళ్ల మీటింగు. ఎలోయిసా ఉన్నట్టుండి మా ఒఫేలియా మాట్లాడుతుంది అని మైకు నా చేతిలో పెట్టింది. వెళ్లవే, నీ మాట మెత్తగా ఉంటుంది, వింటారు అని వెన్ను తట్టింది. మా అమ్మ ఇక్కడే చదివింది, నేనూ ఇక్కడే చదివాను, నా కూతురూ ఇక్కడే చదువుతుంది అన్నాను. జిమ్ దద్దరిల్లింది. ఎలోయిసా ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఇత్సెల్ మాత్రం కొట్టలేదు.

కారులో అడిగింది, అయితే నేను కొత్త స్కూలుకు వెళ్లనా అమ్మా అని. వెళ్తావు అన్నాను. మరి అక్కడ అలా అన్నావేం అంది. కాసేపు మాట్లాడకు, డ్రైవ్ చేస్తున్నా కదా అన్నాను. రోడ్డు మీద ఒక్క కారు లేదు.

మే 21

బడికి ఇంకో ఏడాది గడువిచ్చారు. ఎలోయిసా బార్బకోవా మాంసం వండి వీధంతా పెట్టింది. నీ మాటకే కరిగారే అంది, అందరి ముందూ. నా పళ్లెంలోది ఇత్సెల్ పళ్లెంలో వేసేశాను.

ఆగస్టు 12

ఇంత ఎండలో పిల్లకు స్వెటర్ తొడిగాను. లోపలి కొత్త స్కూలు యూనిఫాం కనబడకూడదని. చెమటలు కారుతున్నాయి, విప్పేస్తానమ్మా అంది. బస్సెక్కాక విప్పు అన్నాను. అప్పుడే ఎలోయిసా తన కూతురు నయెలిని బడికి నడిపిస్తూ ఎదురొచ్చింది.

ఇత్సెల్ స్వెటర్ విప్పేసింది. నా వైపు చూడనైనా లేదు.

ఎలోయిసా దాని కాలరు సరిచేసింది. ఎంత బాగున్నావే తల్లీ, బాగా చదువుకో అంది. బస్సు వెళ్లాక నాతో, పంపావని కాదు కొమాద్రే, నేనూ తల్లినే అంది. ఆ రోజు జిమ్‌లో నీ మాటకు నయెలి చేత కూడా చప్పట్లు కొట్టించానే, అదీ నా బాధ అంది.

నేను స్వెటర్ మడతపెడుతూ నిలబడ్డాను.

అక్టోబరు 3

ఇత్సెల్ బొమ్మలు లేని పేజీ చదివింది. వేలు పెట్టుకుని, ఆగి ఆగి, చివరిదాకా. ఈ మాట ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడదనిపించింది. వీధి దాటి ఎలోయిసా గుమ్మం దాకా వెళ్లాను. లోపల నయెలి ఏదో చదవబోయి తడబడుతోంది. వెనక్కి వచ్చేశాను.

అక్టోబరు 30

ఎలోయిసా షాపుకొచ్చింది. టోర్టిల్లాలు తీసుకుని కూడా కదల్లేదు. మీ స్కూలు లాటరీకి ఎప్పటిలోగా అప్లై చేయాలి అని అడిగింది, నేలకేసి చూస్తూ.

చెప్పాను.

నాకు హాయిగా ఉంది. దేవుడా, ఆమె అలా తల దించుకుని అడిగితే నాకు హాయిగా ఉంది.