తదితరుల్లోంచి పై వరసకి

దెయ్యం వేషాల్లో దిట్టవైన తాతయ్యకు జగ్గయ్యపేట నుంచి నీ మనవడు సవినయంగా విన్నవించునది ఏమనగా:

పాత సినిమాల్లో పన్నెండుసార్లు దెయ్యమై జనాన్ని జడిపించినా, టైటిల్స్‌లో నీ పేరు ఒక్కసారీ పడలేదు. చివర్న 'తదితరులు' అని వేస్తే, "అదుగో, అది నేనే" అని నానమ్మకి చూపించేవాడివట.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నందిగామలో నేను చదివిన కాలేజీలో పొద్దున నీ సినిమా ఒకటి వేశారు. పోస్టర్ పని నాకే అప్పగించారు కనక, నీ పేరు పైన పెద్దక్షరాల్లో రాశాను.

"హీరో పేరేదిరా?" అన్నారు ప్రిన్సిపాల్.

"తదితరుల్లో ఉన్నారండి."

నిన్ను చూసి పిల్లలు నవ్వుతారేమోనని నా పక్కన కూర్చున్న నానమ్మకి ఒకటే బెంగ. తెర మీద నువ్వు పాడె మీంచి లేచి కూర్చోగానే ముందు వరస మొత్తం కుర్చీలెక్కేసింది. హీరో నిన్ను చంపినప్పుడు మాత్రం ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "సార్, మళ్లీ వెనక్కి తిప్పండి సార్" అని ఒకటే గోల. అలా నిన్ను మూడుసార్లు బతికించారు తాతయ్యా.

నానమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది: "ఇంకొక్కసారి అడగమనరా."