మోరీ కాడ నింపని సీసా

గౌరవనీయులైన నీటి నాణ్యత పరీక్షాధికారి గారికి,
మానేరు ఒడ్డున గంగారం గ్రామ మత్స్యకారుడు పిట్టల కైలాసం పెట్టుకొను అర్జీ.

విషయం: పోయిన నెల పన్నెండున తమరు మానేరు నీటిపై ఇచ్చిన నివేదిక నుండి నా సాక్షి సంతకం తొలగించుట గురించి.

అయ్యా,

1. పట్నంలో కొత్త కాలనీలు వెలిసిన నాటి నుండి వాటి మురుగునీటి మోరీ మా మడుగులో కలుస్తున్నది. ఉగాది ముందర చేపలన్నీ చచ్చి తేలినవి. మేము ఇచ్చిన ఫిర్యాదు మీదనే తమరు విచారణకు వచ్చినారు.

2. మోరీ కలిసే చోట సీసా నింపవలసి ఉండగా, వాసనకు తమరు ముక్కు మూసుకున్నారు. ఊరికి వచ్చిన సారు పరేషాన్ అవుతున్నారని నేనే తెప్ప మళ్లించి ఎగువకు, మంచి నీళ్ల దగ్గరికి తీసుకుపోతిని. "జర ఊపిరి తీస్కోండ్రి సారూ, మల్ల గాడికే పోదాం" అంటిని. తమరు అక్కడే సీసా ముంచినారు. "గివి మోరీ నీళ్లు కావు గద సారూ?" అంటే, "గాడ ఇంకో సీసా నింపుత తియ్, నువ్వు సంతకం పెట్టు" అన్నారు. నమ్మితిని.

3. రెండో సీసా నింపలేదు. ఎండెక్కిందని మా ఇంట్లో అన్నం తిని వెళ్లిపోయినారు. నివేదికలో మాత్రం "మోరీ కలిసే చోట తీసిన నీరు బాగున్నది, చేపలు సమృద్ధిగా ఉన్నవి" అని ఉన్నది. కింద నా పేరు. ఆ కాగితం చూపించి రెండో మోరీని కూడా మా మడుగులోకే తెస్తున్నారు. వచ్చే సోమవారం పని మొదలు.

4. మా సంఘంలోని తిరుమల నా ముఖం మీదనే అన్నాడు: "నీ సంతకంతోనే గంగను సంపినవ్ గదనే కైలాసన్నా!" నేనేం జవాబు చెప్పాలి సారూ? అన్నం తిన్నాక మీ చేతులకు నీళ్లు పోసింది నేనే గదా! ఇంత మోసం చేస్తారని కలలో కూడా అనుకోలేదు.

కావున నా సంతకం రద్దు చేసి, మోరీ దగ్గరనే మళ్లీ నీళ్లు తీయించి, సోమవారం లోపల పని ఆపించవలెనని నా మనవి చిత్తగించవలెను. కింద "విధేయుడు" అని రాయడానికి మనసు ఒప్పడం లేదు, అర్జీ కాబట్టి రాస్తున్నాను.

తమ విధేయుడు,
పిట్టల కైలాసం

తా.క. "చేపలు సమృద్ధిగా" అని దేన్ని చూసి రాసినారో నాకు తెలుసు. ఆ రోజు నా భార్య దేవవ్వ వండిన రవ్వ చేప మానేరుది కాదు. మడుగులో ఒక్క పరక చేప కూడా దొరకలేదు. చేపలు పట్టేటోని ఇంట్లో సారుకు ఉత్త పప్పు పెడితే ఇజ్జత్ పోతదని జమ్మికుంట మార్కెట్ నుండి తెచ్చింది. మీరు "మానేరు చేప రుచే వేరు" అంటూ రెండోసారి వడ్డించుకుంటుంటే, మేమిద్దరం తలకాయలు వంచుకొని కూర్చున్నాం.